రెండుగా కోసిన సవరణ

కిందటి వారం వీరలక్ష్మిని సంఘం హాలు వెనక వంటింట్లో, చేతిలో గరిటెతో నిలబెట్టి వదిలేశాం. ముందు హాల్లో ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. పొయ్యి మీద సాంబారు పొంగి మంట మీద పడుతున్నా ఆవిడ చూడలేదు.

కథ మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం ఒక్క మాట చెప్పుకుందాం. రంగూన్‌లో, రైలు స్టేషనుకి దగ్గర్లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, తాతల నాడు కట్టుకున్న గంజాం తెలుగు సంఘం ఉంది. కింద హాలు, వెనక వంటిల్లు, పైన, తర్వాతి రోజుల్లో వేసిన ఒక పెద్ద గది. సంఘం రూలు ప్రకారం ఓటు "ఇంటి పెద్ద"ది. ఆ ఇంటి పెద్ద హిందువై ఉండాలని రూల్లోనే రాశారు. మగవాడై ఉండాలని ఎక్కడా రాయలేదు గానీ, ఏ రోజూ ఏ ఆడమనిషి చేతా ఓటు వేయించలేదు. వీరలక్ష్మి తండ్రి లోకనాథం పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే, తల్లి సింహాచలమ్మ, వీరలక్ష్మి. సంపాదించేది వీరలక్ష్మి, ఇంటి పెద్ద వీరలక్ష్మి. అయినా లోకనాథం ఓటు లోకనాథంతోనే కాలిపోయింది.

ఇక ఎడ్విన్ రాజు. బోటాటౌంగ్ రేవులో సరుకు దించే ముఠాకి మేస్త్రీ. బాప్టిస్టు. తెలుగు మాట్లాడతాడు, తెలుగులోనే ప్రార్థన చేస్తాడు, కానీ సంఘంలో సభ్యత్వం లేదు. హాల్లో పెళ్ళి భోజనానికి రావచ్చు. ఓటుకి రాకూడదు.

ఈ ఇద్దరూ రెండేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగి ఒక సవరణ తయారుచేశారు. ఆ ఆదివారమే అది ఓటుకొచ్చింది.

"ఓలమ్మో, గెలిచీసినట్టున్నామే లచ్చిమీ!" అంది వంకాయలు తరుగుతున్న వాళ్ళలో ఒకావిడ.

వీరలక్ష్మి గరిటె అక్కడే పడేసి, తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ హాల్లోకి పరిగెత్తింది.

ఆ సంఘంలో ఓటు వేసే పద్ధతి వేరు. చెయ్యెత్తడాలూ చీటీలూ లేవు. సభ ముందు ప్రతి ఓటుదారుడికీ ఒక తమలపాకు ఇస్తారు. సరేనన్నవాడు ఆకు తెచ్చి ఇత్తడి పళ్ళెంలో పెడతాడు. వద్దన్నవాడు అక్కడే కూర్చుని వక్కా సున్నంతో నమిలేస్తాడు. నోరు ఎర్రగా ఉన్నవాడు తర్వాత మాట మార్చడానికి వీల్లేదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. పొద్దున్నే ఆ ఆకులు కడిగి, తుడిచి, ఈనెలు తీసి తాంబాళంలో పేర్చేది ఆడవాళ్ళే. ఆ పొద్దున పేర్చింది వీరలక్ష్మే.

పళ్ళెం నిండిపోయి ఉంది. ఒక్క నోరూ ఎర్రగా లేదు. ప్రెసిడెంటు దేముడు కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, అప్పుడే నెగ్గిన సవరణని మళ్ళీ చదువుతున్నాడు.

"మతం ఏదైనా సరే, ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన తెలుగు మగవారందరూ ఈ సంఘానికి సభ్యులు, ఓటుదారులు." చదివి కాగితం మడిచాడు. "ఏటమ్మా లచ్చిమీ, అన్నం ఉడికిందా?"

"ఉడికింది బాబయ్యా. నాను రాసిచ్చింది రెండు సెక్షన్లు. మీరు ఒకటే సదివినారు."

"ఒకటే ఓటుకెట్టినాం. రెండోది ఎనక్కి తోసినాం." చెయ్యి ఊపాడు దేముడు. "కొట్టీలేదు తల్లీ, ఎనక్కి తోసినాం. అన్నీ ఒక్క పూటే తినీస్తే అరగదు."

హాలు నవ్వింది. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది ఇళ్ళకి వీరలక్ష్మి స్వయంగా వెళ్ళింది. వాళ్ళ అరుగుల మీద కూర్చుని టీ తాగి, "నీదే న్యాయం అమ్మా" అన్న మాట తెచ్చుకుంది.

"మగవారు అన్న మాట నాను రాయలేదు."

"కొంచెం మెరుగు దిద్దినాం."

"పాత రూల్లో కూడా ఆ మాట లేదు బాబయ్యా!"

"ఇప్పుడుంది గదా," అన్నాడు దేముడు, చాలా తేలిగ్గా. "ఎల్లు, బోజనాలకి ఆకులు పరిపించు. కొత్తగా వచ్చిన మెంబర్లు ఆకలితో ఉన్నారు."

*

వీరలక్ష్మి వంటింట్లోకి తిరిగొచ్చి సాంబారు గిన్నె దించింది. అడుగంటింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ మనసు మాత్రం పైగదిలో, నల్లబల్ల దగ్గర ఉంది.

ఆవిడ పైగదిలో జీఈడీ క్లాసు నడుపుతుంది. జీఈడీ అంటే అమెరికావాళ్ళ హైస్కూలు చదువుకి సమానమైన పరీక్ష. ఇక్కడి బడుల మీదా కాలేజీల మీదా నమ్మకం పోయాక, రంగూన్‌లో వీధికొక జీఈడీ క్లాసు లేచింది. కానీ ఫీజులు ఆకాశంలో ఉంటాయి. తెలుగిళ్ళ ఆడపిల్లలకి ఉన్న దారి వీరలక్ష్మి క్లాసొక్కటే. పిల్లలందరూ ఆవిణ్ణి "సయామా" అంటారు, బర్మా మాటలో టీచరమ్మ అని. ఆ పరీక్షలో ఒక పేపర్లో సగానికి సగం అమెరికా ప్రభుత్వం గురించే ఉంటుంది. రాజ్యాంగం, సవరణలు, పౌరహక్కులు. ఎప్పుడూ చూడని దేశం రూళ్ళు మనకెందుకని మొదట్లో పిల్లలు నవ్వేవాళ్ళు. పదమూడో సవరణ బానిసత్వం తీసేసింది. పద్నాలుగోది, ఆ నేల మీద పుట్టినవాడు ఆ దేశం మనిషేనంది. అది చెప్పిన రోజు క్లాసులో ఎవరూ నవ్వలేదు. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇప్పటికీ మీ తాత ఎక్కడివాడని అడిగించుకునే ఇళ్ళ పిల్లలు వాళ్ళు.

ఎడ్విన్ రాజు కూతురు వెరోనికా ఆ క్లాసులోనే చదివి పరీక్ష గట్టెక్కి, ఇప్పుడు చిన్నపిల్లలకి లెక్కలు చెబుతోంది. కూతుర్ని దింపడానికొచ్చిన ఎడ్విన్ రాజు వెనక బెంచీ మీద కూర్చుని తనూ వినేవాడు. సవరణ ఆలోచన పుట్టింది ఆ బెంచీ మీదే. అమెరికావాళ్ళ సవరణలకి సెక్షన్లుంటాయని, వీరలక్ష్మి తమ సవరణని కూడా సెక్షన్లుగా రాసింది. మొదటిది క్రైస్తవుల గురించి, రెండోది ఆడవాళ్ళ గురించి. అలా రాస్తే చూడ్డానికి పద్ధతిగా ఉంటుందనుకుంది. రెండింటి మధ్య ఒక లైను ఖాళీ కూడా వదిలింది. కత్తెర పెట్టడానికి తనే చోటిచ్చినట్టయింది.

వెనక చప్పుడైతే తిరిగి చూసింది. ఎడ్విన్ రాజు. చర్చి నుంచి నేరుగా వచ్చాడేమో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కొత్త లుంగీ. జీవితంలో మొదటిసారి చేతికందిన తమలపాకుని నలిగిపోతుందేమోనని రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు.

"సెల్లెమ్మా."

"మంచినీళ్ళు కావాలా అన్నయ్యా? కుండ అక్కడుంది."

"నీతో ఒక్క మాట."

వంకాయలు తరిగే ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని కత్తిపీటలు మెల్లగా అవతలికి జరుపుకున్నారు. చెవులు మాత్రం ఇక్కడే వదిలారు.

"ఆ మాట ఎవరు రాసినారన్నయ్యా? మగవారు అన్న మాట?"

ఎడ్విన్ రాజు నేల చూశాడు.

"దేముడు బాబయ్యకి అంత తెలివి లేదు. ఎవరు?"

"నానే."

వీరలక్ష్మి సాంబారు గిన్నెని పక్కకి నెట్టింది.

"బుధారం నాడు పిలిపించినాడు నన్ను," అన్నాడు ఎడ్విన్ రాజు. "మీవోళ్ళకి ఇస్తాం, ఆడోళ్ళకి ఇవ్వం అన్నాడు. తెలుగువాళ్ళందరూ అని రాస్తే అందరిలో ఆడోళ్ళు కూడా దూరిపోతారు, లోకనాదం కూతురు ఊరుకోదు, గట్టిగా మూసీసి తీసుకురా అన్నాడు. నాకు తెలీదు సెల్లెమ్మా ఎలాగ మూస్తారో. నువ్వే సెప్పినావు గదా..."

ఏం చెప్పిందో వీరలక్ష్మికి గుర్తుంది. బల్ల మీద సుద్దతో గీత కూడా గీసింది. పద్నాలుగో సవరణ రాకముందు అమెరికా రాజ్యాంగంలో మగ అన్న మాటే లేదు. ఓటు గురించి చెప్పిన దాని రెండో సెక్షన్లోనే అది మొదటిసారి వచ్చింది. న్యాయం చెయ్యడానికి పుట్టిన సవరణే ఆడవాళ్ళ మొహాన తలుపు మూసిందని ఆ రోజు ఆవిడ ఆవేశంగా చెబుతుంటే, వెనక బెంచీ మీద ఎడ్విన్ రాజు తలాడించుకుంటూ విన్నాడు. విని, దాచుకుని, అవసరానికి తీసి వాడుకున్నాడు.

"నా పాఠంతోనే నా గొంతు కోసినావన్నమాట," అంది.

"అలాగనకు. మాకిప్పుడు వచ్చింది. రేపు నీకొస్తాది. ఇద్దరం ఒకేసారి ఒకే గుమ్మంలో దూరలేం గదా? ముందు మేం లోనికెల్తాం. లోపలి నించి గెడ తీస్తాం. మా ఓట్లన్నీ నీకే, దేవుని తోడు."

"ఇదే మాట అక్కడ కూడా అన్నారన్నయ్యా. బానిసల కోసం ఊరూరా తిరిగిన ఆడోళ్ళకి ఇలాగే సెప్పినారు. ఇది నల్లవాళ్ళ గడియ, మీ గడియ తరవాత అని. పదిహేనో సవరణలో నల్ల మగవాళ్ళకి ఓటొచ్చింది. ఆ తరవాత, తరవాత అన్నది ఎప్పుడొచ్చిందో తెలుసా? పందొమ్మిదోది. యాభై ఏళ్ళు పట్టింది. అడిగినోళ్ళు సచ్చిపోయినారు, మనవరాళ్ళు ఓటేసినారు."

"ఇది అమెరికా కాదు. యాభై కుటుంబాల సంగం."

"అందుకే ఇంకా ఎక్కువ సిగ్గు. అక్కడ మొకాలు తెలీనోళ్ళు సేసినారు. నువ్వు మా ఇంట్లో అన్నం తిన్నావు."

ఎడ్విన్ రాజు మొహం కందిపోయింది. "నా బాద నీకేటి తెలుసు? మా అయ్య సచ్చిపోతే ఈ హాలు ముందునించి శవాన్ని తీసుకెల్లినాం. మీ అయ్య తప్ప ఒక్క మెంబరు బయటికి రాలేదు. తెలుగోడు పోయినాడని ఎవుడూ అనలేదు. ఈ ఆకు కోసం నాను నలబై ఏళ్ళు ఆగినాను, సెల్లెమ్మా. సేతికొచ్చినప్పుడు నువ్వు రాకపోతే నానొల్లను అనాలా?"

ఆ శవం వెంట నడిచిన హిందూ ఇల్లు ఒక్కటే, అది వాళ్ళది. లోకనాథం చెప్పుల్లేకుండా నడిచాడు. మనిషి బాధ నిజమే. అదే వీరలక్ష్మిని ఎక్కువ మండించింది.

"ఆ పాటం సివర కూడా విన్నావా?" అంది చివరికి, గొంతు తగ్గించి. "పదిహేనోది వచ్చినాక ఏటయిందో? నల్లవాళ్ళకి ఇచ్చినట్టే ఇచ్చి లాగీసుకున్నారు. ఓటెయ్యాలంటే పరీక్షలన్నారు, పన్నులన్నారు, తన్నినారు. దగ్గర దగ్గర వందేళ్ళు. పక్కన నిలబడాల్సినోళ్ళని ముందే వదిలీసుకున్నారు గదా, కేకేస్తే పలికినోళ్ళు తక్కువ. నీకు ఆకిచ్చినోళ్ళు ఊరికే ఇచ్చినారా అన్నయ్యా? ఏటడిగినారు నిన్ను?"

ఎడ్విన్ రాజు చేతిలో ఆకుని వెనక్కి దాచుకున్నాడు. వీరలక్ష్మి అది గమనించింది. అంతవరకూ ఉడుక్కుంటూ అడిగిన ప్రశ్నే గానీ, దానికి నిజంగా జవాబుంటుందని అనుకోలేదు.

"సెప్పు."

"బోజనాలయినాక ఇంకో ఓటుంది."

"దేని మీద?"

"పైగది." గుమ్మం వైపు చూశాడు. "సోలార్ బాటరీల యాపారికి గోడౌనుకి ఇస్తారంట. పాత మెంబర్లు సగం మంది ఒల్లనంటన్నారు, లోకనాదం గారు కట్టించిన గది అని. మా కొత్తోళ్ళ ఆకులు పడితే నెగ్గీస్తాది. అదీ... మాటిచ్చినాను. ఇంకెక్కడో సూద్దాం సెల్లెమ్మా క్లాసుకి. మా సర్చిలో అడుగుతాను..."

"ఆపు."

కోపంలో అరవడం వీరలక్ష్మికి చేతకాదు. మాట సన్నగా బయటికొచ్చింది. "వెరోనికా ఎక్కడ సదివింది?"

ఎడ్విన్ రాజు ఆకుతో సహా హాల్లోకి వెళ్ళిపోయాడు.

*

"ఆడు తప్పు సెప్పినాడు."

వెనక నుంచి సింహాచలమ్మ గొంతు. కిటికీ పక్క పీట మీద కూర్చుని అప్పడాలు వేయిస్తున్న ముసలమ్మ జాలిగరిటె పక్కన పెట్టింది.

"పైగది ఎక్కడికీ పోదు. నాను మాటాడీసినాను."

"ఎవరితోనే అమ్మా?"

"దేముడితో. ఇంకెవుడితో?" మొహం పక్కకి తిప్పుకుంది. "మొన్న ఇంటికొచ్చినాడు, నువ్వు లేవు. పెద్దదానివి, ఆడోళ్ళ తరపున నువ్వే సెప్పాల, ఓటు కావాలా అక్కర్లేదా అన్నాడు. అక్కర్లేదు, నా కూతురి గది నా కూతురికి ఉంచు, అది సాలు అన్నాను. అమ్మోరి మీద ఒట్టేసినాడు."

"అందుకే అందరూ ఆకులు పెట్టినారన్నమాట," అంది వీరలక్ష్మి నెమ్మదిగా. "ఆడోళ్ళే ఒల్లనంటన్నారని సెప్పుంటాడు హాల్లో. నీ పేరు సెప్పుంటాడు."

"ఓటేటి సేసుకుంతావే? నాకు నీ క్లాసు కావాల. అందరికీ ఎదురెల్లి అదీ పోగొట్టుకుంతావని బయిమేసింది. మీ అయ్య లేడు. మనకెవుడున్నాడు?"

"అమ్మా, అదే గది మీద ఎడ్విన్ అన్నయ్య దగ్గర ఇంకో మాట తీసుకున్నాడు. నీకు ఉంచుతానన్నాడు. ఆయనతో బాటరీల ఆసామికి ఇద్దామన్నాడు. నువ్వు ఓటొదిలీసినావు, గదీ పోతంది."

నూనెలో అప్పడం ఒకటి నల్లబడి ముడుచుకుపోయింది. "ఒట్టేసినాడే..." అంది ముసలమ్మ, చిన్నపిల్ల చెప్పినట్టు.

తల్లిని తిట్టాలని నోటిదాకా వచ్చింది వీరలక్ష్మికి. ఆ మొహం చూసి తిట్టలేకపోయింది. ఎడ్విన్ రాజు మీద వచ్చిన కోపానికి కనీసం నిలబడే చోటుంది. దీనికి అదీ లేదు. తన మంచి కోరే తల్లే తనని అమ్మేసింది, పైగా చెల్లని మాటకి.

దయగా ఉంచిన గది దయ తప్పితే పోతుంది. తన గది అనిపించుకోవాలంటే అడిగే నోరు ఉండాలి. ఆ నోరు మూసెయ్యడానికే వాళ్ళు ఆ పొద్దున పళ్ళెంలో ఆకులు పెట్టించుకున్నారు.

వీరలక్ష్మి పొయ్యి ఆర్పేసింది.

"లేవండి," అంది ఆడవాళ్ళతో. "వడ్డన లేదీవేళ."

"అదేటే? అందరూ కూకున్నారు ఆకుల ముందు!"

"కూకోనీ. గోడౌనుకి గది సూపించాలంటే అది ఖాళీగా ఉండాల గదా. మనం పోయి కూకుందాం."

ఒకరిద్దరు మొగుళ్ళ పేర్లు గొణిగి ఆగిపోయారు. మిగతావాళ్ళు చేతులు కడుక్కున్నారు. అందరికన్నా ముందు మెట్లెక్కింది సింహాచలమ్మ. మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకొకసారి ఆగి. "నానిచ్చిన మాట నానే ఎనక్కి తీసుకుంతాను," అంటూ ఎక్కింది.

*

పైన వెరోనికా పిల్లలకి లెక్కలు చెబుతోంది. బుగ్గల మీద తనకా, అదే బర్మా గంధం, పూసుకున్న ఆడపిల్లలు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా రావడం చూసి సర్దుకుని చోటిచ్చారు. వీరలక్ష్మి తలుపు మూసి లోపల గడియ పెట్టింది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఎడ్విన్ రాజు పేరు చెప్పేటప్పుడు ఒక్క క్షణం తడబడింది గానీ చెప్పేసింది. వెరోనికా తల ఎత్తలేదు.

"సయామా, ఇలాగ కూర్చుంటే మనల్ని ఏటైనా చేస్తారా?" అని అడిగింది ఒక పిల్ల.

"అమెరికాలో నల్లపిల్లలు, తెల్లోళ్ళకే అన్న హోటళ్ళలో కూర్చున్నారు. టీ ఇచ్చేదాకా లేవం అన్నారు. మీద సాసులు పోసినారు, కొట్టినారు. సెయ్యి ఎత్తలేదు, లేవలేదు." ఆగి, "బయమేస్తే ఇప్పుడే ఇంటికెళ్ళు తల్లీ. తప్పు లేదు," అంది.

ఆ పిల్ల వెళ్ళలేదు.

కింద విస్తళ్ళ ముందు ఎంతసేపు ఎదురుచూశారో గానీ, చివరికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు దబదబా బాదారు.

"లచ్చిమీ! ఏటీ యేసాలు?" దేముడి గొంతు. "బాటరీల ఆసామి కింద నిలబడున్నాడు. తలుపు తీ!"

"రెండో సెక్షను ఓటుకెట్టండి బాబయ్యా. తీస్తాను."

"తీకపోతే వార్డు ఆపీసుకి పోను సేస్తాను. తలుపులేసుకుని మీటింగులెడతన్నారని సెప్తాను. ఆ తరవాత ఎవుల పిల్లలు ఎక్కడికెల్తారో నాకు తెలీదు!"

మిలిటరీ వాళ్ళు ఏలే ఈ రోజుల్లో ఆ మాట ఊరికే అనే మాట కాదు. ఒక తల్లి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. సంఘంలో ఎన్ని తగాదాలైనా బయటివాళ్ళని గుమ్మం తొక్కనివ్వకూడదన్నది తాతల నాటి కట్టుబాటు. దాన్ని కూడా ఇవాళ అమ్మేస్తారన్నమాట.

"వెరోనికా!" ఈసారి ఎడ్విన్ రాజు. "అమ్మా, డాడీని. ఆయన నిజంగానే పోను తీసినాడు. తలుపు తీ."

వెరోనికా లేచింది. తలుపు దగ్గరికెళ్ళి గడియ మీద చెయ్యేసింది. వీరలక్ష్మి కదలలేదు. ఆపే హక్కు తనకి లేదనిపించింది.

"డాడీ, పైగది ఇచ్చీస్తారని నీకెప్పుడు తెలుసు?" అంది వెరోనికా, తలుపుకి నుదురానించి.

అవతల చెప్పులు ఒక అడుగు వెనక్కి జరిగాయి.

"బుధారమేనా? బేస్తారం నాడు నన్ను ఇక్కడ దింపినావు. మెట్ల కింద టాటా చెప్పినావు."

"అమ్మా, బయటికి రా. నీకన్నీ చెప్తాను."

వెరోనికా వెనక్కి తిరిగి వీరలక్ష్మిని చూసింది. ఏళ్ళ తరబడి ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివించిన మొహం అది. అందులో ఏముందో ఆ క్షణాన ఆవిడకి అంతుపట్టలేదు. ఆ పిల్ల గడియ తీసింది. తలుపు తను దూరేంత మాత్రమే తెరిచి బయటికి జారుకుంది. తలుపు దగ్గరగా లాగేసింది.

బయట గుసగుసలు. దేముడి అరుపు సగంలో తెగిపోయింది. ఏదో కిందపడిన చప్పుడు, ఎవరో మెట్లు దిగి పరిగెత్తిన చప్పుడు.

వీరలక్ష్మి ఒక్క అంగలో తలుపు చేరి లాగింది.

రాలేదు. బయట గొళ్ళెం పెట్టి ఉంది. పెట్టింది వెరోనికానో దేముడో, లోపలి నుంచి తెలిసే దారి లేదు.